తొకుజి వినాల్సిన పాట

చినామి పాట జపాన్ అంతా మోగించింది నేనే. ఆ పిల్లకి గొంతు విప్పడం నేర్పిందీ నేనే. టోక్యోవాళ్లు ఒప్పుకోరు, పోనివ్వండి.

చినామి మా రేవు పిల్ల. పద్దెనిమిదేళ్లకే టోక్యోలో కుచ్చుల గౌన్లేసుకుని నవ్వుతూ పాడే తార అయింది. ఆ ఏడు ఆమె కొత్త పాటని గురువారం టీవీ సీరియల్‌కి టైటిల్ పాటగా పెట్టారు. ముందే క్యాసెట్ పంపినా వాళ్ల నాన్న తొకుజి వినలేదు.

"టీవీలో, మా ఆవిడ పక్కన కూర్చునే వింటా. గురువారానికి వచ్చేస్తా" అంటూ స్క్విడ్ చేపలు పట్టే పడవెక్కాడు.

"నీ గురకలో పాటేం వినపడుతుందిరా!" అన్నాన్నేను.

బుధవారం పడవ మునిగింది. ఒక్క మనిషీ దొరకలేదు.

గురువారం సీరియల్ వచ్చింది, పాట రాలేదు. ఉత్త పియానో వాయించారు. పాటలో "అలల కింద నీకోసం ఎదురుచూస్తా" అని ఉందట. చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారని తీసేశారట. టోక్యోవాళ్లు చినామినీ ఇంటికి పంపలేదు. నవ్వుతూ పాడాల్సిన కార్యక్రమాలు ముందే ఒప్పుకున్నారట.

వెతకడం ఆపేశాక, శవం లేని పెట్టెలో తొకుజి గమ్‌బూట్లు, టోపీ పెట్టారు. గుడి గురువుగారు మంత్రం ఎత్తుకోబోతుంటే తొకుజి భార్య ఫుసాయె పెట్టె మీద చెయ్యేసింది.

"ఆగండి. పాట వినందే ఆయన వెళ్లడు."

"టీవీవాళ్లు తీసేశారు కదమ్మా..."

"అయితే మూత పడదు."

గురువుగారు గంట పక్కన పెట్టేశారు. ఫుసాయె నావైపు తిరిగింది. సాయంత్రం అయిదింటికి, పిల్లలు ఇళ్లకి పొమ్మని ఊరి మైకుల్లో రోజూ ఒక రాగం వేస్తారు. అది వేసేది నేనే.

"బాబాయ్, మైకు నీ చేతిలోదేగా?"

"పనిలోంచి ఊడపీకుతారే నన్ను!"

"నీకింకా ఊడేవేం మిగిలాయి? పళ్లు ఎప్పుడో ఊడాయిగా!"

అయిదింటికి రాగం బదులు చినామి క్యాసెట్ పెట్టి, మైకులన్నీ సముద్రం వైపు తిప్పించా. స్క్విడ్ కోస్తున్న ఆడవాళ్లు కత్తులు కింద పెట్టారు. ఇంటికి పొమ్మనే రాగం రాలేదు కాబట్టి పిల్లలు అక్కడే నిలబడిపోయారు. పాట అయిపోగానే, రాళ్లగట్టు అవతల్నించి పొడుగ్గా పడవ హారన్ మోగింది. ఫుసాయె అటు తిరిగి నడుం వంచి దండం పెట్టింది.

"ఇక మూయండి" అంది.

చినామికి నేను నేర్పిందేం లేదు, నాకసలు పాటే రాదు. జపాన్ అంతా అన్నది మా మూడు వీధులు. అవన్నీ మీరు ముందే పట్టేసి ఉంటారు. హారన్ మాత్రం నమ్మారు కదూ? అది నేను కల్పించిందే. సముద్రం వైపు నుంచి ఏమీ రాలేదు. ఫుసాయె చాలాసేపు అటే చెవిపెట్టి నిలబడింది. ఆ తర్వాతే మూయమంది.