గాలి చొరని జీపు

గద్వాలలో గోవిందు జీపు కంటే ముందు దాని వాసన వచ్చేది. మిలిటరీ వాళ్లు ఇక పనికిరాదని వదిలేస్తే వేలంలో ఎవరో కొని, వాళ్ల దగ్గర ఇంకెవరో కొని, చివరికి గోవిందు చేతికి చిక్కిన పాత పెట్రోలు జీపు అది. పచ్చి పెట్రోలు వాసన, కాలిన ఆయిలు వాసన, వేడెక్కిన రబ్బరు వాసన, వీటన్నిటి అడుగున సన్నగా కిరసనాయిలు. ఆ కిరసనాయిలు సంగతి ఎత్తితే మాత్రం గోవిందుకు చెవులు వినపడేవి కావు. సందులో పిల్లలు ఆ పొగ వెంట ముక్కులు ఎగబీల్చుకుంటూ పరిగెత్తేవారు. పిల్లలంటే పిల్లలు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చీర నేసే ధర్మయ్యకు కూడా ఆ వాసనంటే ప్రాణం. జీపు సందు మలుపు తిరిగేదాకా చెయ్యి ఆపి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చేవాడు.

అతని భార్య అనంతమ్మకు ఆ వాసన గిట్టదు. జీపూ గిట్టదు, గోవిందూ గిట్టడు. అయినా ఆ రోజు ఆమే వెళ్లి గోవిందు గడప తొక్కింది. అవసరం అలాంటిది మరి.

కూతురు నీలవేణికి తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగితే వనపర్తి దవాఖానకు మోసుకుపోయారు. తల్లీబిడ్డా దక్కారు. మగపిల్లవాడు. తొమ్మిదో నాడు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చూస్తే బయట శ్రావణమాసపు ముసురు, బస్సుల్లో సగం కిటికీలకు అద్దాలే లేవు. అలాంటి బస్సులో బాలింతను కూర్చోబెట్టడం కంటే మంచంతో సహా వానలో పడేయడం నయమని అనంతమ్మ లెక్క.

గాలి అంటే ఆమెకు అంత భయం. కూతురి చెవుల్లో దూది పెట్టింది, తలకు గుడ్డ చుట్టింది, పసివాణ్ణి కళ్లు, ముక్కు తప్ప ఏమీ కనిపించకుండా పాత చీరముక్కలో చుట్టింది. తలాపున పెట్టడానికి గద్వాల నుంచే చిన్న కొడవలి తెచ్చుకుంది. చెడుగాలి ఏ రూపంలో వచ్చినా ఇనుమును చూస్తే ఆగిపోతుందని ఆమె నమ్మకం. దవాఖానలో నర్సమ్మ ఆ కొడవలి చూసి నవ్వితే, “నవ్వితె నవ్వు బిడ్డా, పోగొట్టుకున్నోళ్లకు తెలుస్తది” అని ఊరుకుంది.

పోగొట్టుకున్నది ఆమే. ముప్పై ఏళ్ల కిందట, పెబ్బేరు దగ్గరి పుట్టింట్లో తొలిచూలు కొడుకును కని, వాణ్ణి ఎత్తుకుని ఎడ్లబండిలో అత్తగారింటికి వస్తూ, బీచుపల్లి వంతెన మీద బండికి కట్టిన పర్దా ఒక్కసారి ఎత్తింది. కింద కృష్ణ నిండుగా పారుతోంది. మూడోనాడు పిల్లవాడు పోయాడు. “వంతెన మీద పర్దా ఎత్తినవు, నీ కొడుకును గాలి పట్టుకపోయింది” అంది అత్త. అత్త బతికున్నన్నాళ్లూ ఆ మాట అంటూనే ఉంది. ఆమె పోయాక ఆ మాట అనే పని అనంతమ్మే తీసుకుంది. రాత్రిళ్లు తనకు తానే చెప్పుకునేది.

కాబట్టి ఈసారి జీపును ఆమె తన చేతులతో మూసింది. వెనక సీటుకు రెండు పక్కలా వేలాడే కాన్వాసు పర్దాలను సుతిలి తాడుతో కడ్డీలకు బిగించి కట్టింది. వెనక పర్దా కిందికి దించి రెండు మూలలా ముడివేసింది. ముందు సీటు వైపు నుంచి గాలి వస్తుందని మధ్యలో గొంగడి అడ్డం కట్టింది. మగ్గం మీద పాత పడుగు దారాల చివర్లకు కొత్త పోగులు అతికి అతికి ఆరితేరిన వేళ్లు అవి. ముడి వేశాయంటే ఊడటమన్నది లేదు.

“అత్తా, గింత బిగిస్తె లోపల ఉడికిపోతరు” అన్నాడు గోవిందు.

“ఉడికితె ఉడకనీ. గాలి రావద్దు.”

“నా బండిల గాలికి తక్కువ లేకుండె. ఇయ్యాల దానికి కూడా పర్దా పెట్టినవు” అని గొణుక్కుంటూ అతను స్టీరింగు ముందు కూర్చున్నాడు. ధర్మయ్య అడగకుండానే ముందు సీటు ఎక్కేశాడు. వెనక చీకట్లో అనంతమ్మ, నీలవేణి, మధ్యలో పసివాడు, వాడి పక్కన కొడవలి.

జీపు దగ్గి, తుమ్మి, ఓసారి ఎగిరిపడి కదిలింది. ఊరు దాటకముందే లోపలంతా వాసన నిండిపోయింది.

“ఏంది గోవిందూ, గీ వాసన?” గొంగడి వెనక నుంచి అరిచింది అనంతమ్మ.

“పెట్రోల్ బండత్తా. వాసన రాకుంటె నీళ్లు పోసి నడుపుతున్ననంటరు.”

“సైలెన్సర్ గిట బాగనే ఉన్నదా?” ధర్మయ్య గొంతు.

“చిల్లి పడితె మొన్ననే డబ్బారేకు చుట్టి తీగ బిగించిన మామా. కొత్తదాని లెక్క పనిచేస్తుంది.”

ముందు సీట్లో వాళ్లిద్దరూ హాయిగా ఉన్నారు. పక్కనంతా తెరిచే ఉంది, వాన తుంపర మొహానికి కొడుతోంది. వెనక మాత్రం నీలవేణి మొహం పాలిపోయింది.

“అమ్మా, కడుపుల తిప్పుతుంది. ఆ మూలకు పర్దా జర ఎత్తవే.”

“వంతెన దాటనీ బిడ్డా. దాటినంక ఎత్తుత.”

“గప్పటిదాంక నేనుంటనా?”

“గట్ల మాట్లాడకు. ఇగో, ఇది ముక్కుకాడ పెట్టుకో.” అనంతమ్మ కొంగుకు కట్టిన వాము మూటను నలిపి కూతురి ముక్కుకు ఆనించింది. వాము ఘాటు ముందు, దాని వెనక పెట్రోలు. నీలవేణి కళ్లు మూసుకుంది. పసివాడు మాత్రం గుక్కపట్టి ఏడుస్తూనే ఉన్నాడు. వాడికి ఇవేవీ నచ్చలేదు.

పెబ్బేరులో పెద్ద రోడ్డెక్కాక గోవిందు జీపును ఉరికించాడు. అప్పటినుంచి వాసన మారింది. పచ్చి పెట్రోలు పోయి కాలిన పొగ మొదలైంది. కళ్లు మండాయి, గొంతులో గరగర. అనంతమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మండటం కూడా తెలియలేదు. ముక్కుకు అలవాటైపోయిందనుకుంది. అప్పుడే పసివాడు ఏడుపు ఆపాడు.

ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టయింది. నీలవేణి తల కూడా తల్లి భుజం మీదికి వాలింది. తొమ్మిది రోజులుగా కంటి మీద కునుకు లేని పిల్ల, పోనీలే, పడుకోనీ అనుకుంది. పర్దా కుట్ల లోంచి వస్తున్న వెలుతురులో మనవడి బుగ్గలు ఎర్రగా కనిపించాయి. ఎంత రంగు వచ్చింది వీడికి అని మురిసిపోయింది కూడా.

తలను ఎవరో తువ్వాలతో బిగించి కడుతున్నట్టుంది. గుండె మాత్రం పరిగెత్తుతోంది. దవాఖాన వరండాలో నిద్ర లేక ఇలా ఉందని సమాధానం చెప్పుకుంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఎంత బాగుందో ఆ నిద్ర.

అంతలో చక్రాల కింద చప్పుడు మారింది. దడదడ, దడదడ. రాతివంతెన అతుకుల మీద చక్రం పడే చప్పుడు. ముప్పై ఏళ్లుగా కలలో వినే చప్పుడు. కృష్ణ వచ్చింది.

భయం ఆమెను కుదిపి లేపింది. ముడులు ఊడలేదు కదా అని చెయ్యి చాచింది. ఆ చెయ్యి పర్దా దాకా వెళ్లలేదు. మధ్యలోనే జారి ఒళ్లో పడింది. మళ్లీ చాచింది. మళ్లీ పడింది. ఇది తన చెయ్యేనా అనిపించింది.

“నీలా.” కూతురు పలకలేదు. భుజం కదిపింది. తల ఇటు నుంచి అటు దొర్లింది, అంతే. పసివాడి పెదవి మీద వేలు పెట్టింది. పుట్టిన నాటినుంచి వేలు తగిలితే చాలు చప్పరించే నోరు. కదల్లేదు. అరికాలు గిల్లింది. గట్టిగా గిల్లింది. ఆ కాలు ముడుచుకోలేదు.

నిద్ర కాదిది.

“ఏమయ్యా” అని అరిచాననుకుంది. నాలుక మొద్దుబారి, గొంతు తన చెవికే వినపడలేదు. ఇంజను రొద. గొంగడి అవతల ధర్మయ్య ఏదో చెబుతుంటే గోవిందు నవ్వుతున్నాడు. వెనక పర్దా మూల ముడి పట్టుకుంది. తను వేసిన ముడే. వెంట్రుకంత సన్నటి పట్టుపోగులను చీకట్లో సైతం అతికే వేళ్లకు ఈ సుతిలి తాడు చిక్కలేదు. పళ్లతో పట్టింది. వదిలి రాలేదు.

చెయ్యి జారి పక్కన చల్లగా ఏదో తగిలింది. కొడవలి.

పిడి పట్టుకుంది. పట్టుకున్నాక ఆగింది. ఎందుకంటే అది వంతెన. అత్త మాట పక్కన కూర్చుని అన్నంత స్పష్టంగా వినపడింది. వంతెన మీద పర్దా ఎత్తినవు. ఒకణ్ణి చంపుకున్నావు, మళ్లీ అదే చోట, అదే పని చేస్తావా. పర్దా కోసి వీడు పోతే ఇక తను బతికి ఎవరికి మొహం చూపించాలి? కోయకుండా ఉంటే? పసివాడి ఎర్రటి బుగ్గల వైపు చూసింది. ఆ ఎరుపు ఇప్పుడు ఆమెకు ముద్దుగా లేదు.

“గాలి పట్టుకపోతె పోనీ” అనుకుంది. రెండు చేతులా కొడవలి ఎత్తి, ముడిని వదిలేసి, కాన్వాసునే పైనుంచి కిందికి చీల్చింది.

కృష్ణ మీది గాలి ఒక్క ఊపున లోపలికి దూకింది. ఆమె ఆగలేదు. అటు తిరిగి గొంగడిని పొడిచింది. ధర్మయ్య భుజం పక్కనుంచి కొడవలి మొన బయటికి వచ్చేసరికి గోవిందు హడలిపోయి బ్రేకు మీద నిలబడ్డాడు. జీపు వంతెన మధ్య అడ్డంగా తిరిగి ఆగింది.

అనంతమ్మ దిగలేదు, వెనక నుంచి పడింది. మోకాళ్లు చీరుకుపోయాయి. ఒళ్లో పసివాణ్ణి మాత్రం వదల్లేదు. చీరముక్క లాగి పారేసింది. వాన తుంపరలో, వంతెన గోడ పక్కన, ఒంటి మీద నూలుపోగు లేని తొమ్మిది రోజుల పిల్లవాణ్ణి రెండు చేతుల్లో గాలికి ఎత్తి పట్టుకుంది.

“అనంతమ్మా, ఏం జేస్తున్నవే? పిల్లగానికి గాలి...” ధర్మయ్య పరిగెత్తుకొచ్చాడు.

“తగలనీ. నీలను దించు. దాన్ని బయటికి గుంజు.”

గోవిందు, ధర్మయ్య కలిసి నీలవేణిని కిందికి దించి గోడకు ఆనించారు. చల్లగాలి తగిలిన కాసేపటికి ఆమె మూలిగి, పక్కకు వంగి వాంతి చేసుకుంది. పసివాడు మాత్రం అలాగే ఉన్నాడు. ఒక లారీ హారన్ కొడుతూ వాళ్లను రాసుకుంటూ పోయింది. అనంతమ్మ వాడి వీపు రుద్దింది. నోట్లో నోరు పెట్టి ఊదింది. అరికాళ్లు మళ్లీ గిల్లింది. దేవుళ్లెవరూ ఆమెకు గుర్తురాలేదు. “ఏడువు కొడుకా, జర ఏడువు, నన్ను తిట్టు” అంటూ అదే మాట అంటోంది.

వాన చుక్క ఒకటి ముక్కు మీద పడింది. పసివాడి మొహం ముడతలు పడింది. తుమ్మాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ముందు పిల్లికూన లాగా, తర్వాత వనపర్తి నుంచి పెబ్బేరు దాకా ఏడ్చినంత గట్టిగా.

అనంతమ్మ అక్కడే నేల మీద చతికిలబడి, వాణ్ణి రొమ్ముకు అదుముకుని, తనూ ఏడ్చింది.

గోవిందు జీపు కిందికి దూరి చూసి వచ్చాడు. డబ్బారేకు ఎక్కడో ఊడిపోయింది. వెనక సీటు కింది రేకు నల్లగా మసిబారి ఉంది. “పొగంత లోపలికే కొట్టింది అత్తా. తప్పు నాదే” అన్నాడు. అతని మొహం ఏడ్చినట్టుంది. తిట్టడానికి ఆమెకు ఓపిక లేదు. “ఆ పర్దాలన్ని కోసి అవతల పారెయ్యి. తిన్నగ గద్వాల దవాఖానకు పోనీ” అంది.

గోవిందు కొడవలితో తాళ్లు కోస్తుంటే ఆమె గోడ మీదుగా కిందికి చూసింది. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. ముప్పై ఏళ్ల కింద ఇక్కడే పర్దా ఎత్తింది. ఎందుకెత్తింది? కృష్ణను చూడటానికని అందరూ అన్నారు, చివరికి తనూ అలాగే అనుకుంది. ఇప్పుడు ఒళ్లో వీడు ఏడుస్తుంటే, ఆనాడు వాడు ఏడవలేదన్నది గుర్తొచ్చింది. బండి ఎక్కక ముందునుంచే ఏడవలేదు. వెలుతురు తగిలితే కళ్లు తెరుస్తాడేమోనని పర్దా ఎత్తింది.

“ఏమయ్యా” అంది నెమ్మదిగా. “మన పెద్దోడు... బండి ఎక్కకముందు దినమే పాలు బంద్ చేసిండు. ఒళ్లు కాలిపోతుండె. గాలికి పోలేదు వాడు.”

ధర్మయ్య తల వంచుకున్నాడు.

“నాకు ఎరుకే” అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. “ఎరుకా? మరి ఇన్నేండ్లు?”

“అమ్మ గట్ల అంటుంటె... ఎదురు మాట్లాడ రాలేదు నాకు.”

“ఆమె పోయి కూడ పదేండ్లాయె.”

కాన్వాసు ముక్కలు ఒక్కొక్కటే గాలికి ఎగిరి కృష్ణలో పడుతున్నాయి. నీలవేణిని ఎత్తి జీపులో కూర్చోబెట్టారు. ధర్మయ్య అలవాటు కొద్దీ ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. అనంతమ్మ ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

“నీలను పట్టుకొని నువ్వు ఎనక కూసో” అంది. “ఆ వాసనంటె నీకు పానం కదా.”

మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వంతెన దాటేదాకా గాలి నేరుగా వాడి మొహానికి తగులుతూనే ఉంది. ఆమె కొంగు అడ్డం పెట్టలేదు.