ఎక్కాల్లా నేర్చిన ఇంగ్లీషు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో సారు మొదటిరోజే చెప్పాడు. "సినానిమ్స్, యాంటోనిమ్స్ పుస్తకం కొనుక్కోండి. బ్యాంకు పరీక్ష ఇంగ్లీషులో గట్టెక్కించేది అదే."

మహేందర్‌కు కావలసింది గట్టెక్కడమే. నల్గొండ పల్లెలో వాళ్లింటి మొదటి డిగ్రీ అతనిది. వయసు దాటిపోతోంది గనక ఈ పరీక్షే ఆఖరిది.

ఊరి బడిలో ఎక్కాలెలా నేర్చాడో, ఆ పుస్తకాన్నీ అలాగే పట్టాడు. ఎల్.బి.నగర్‌లో కిరాయి గది ముందు, మేడమీద, ఊగుతూ గొంతెత్తి చదివేవాడు. ఇంటి ఓనరు భానుమూర్తిగారిది గుంటూరు వైపు. ఆయన కూతురు అమల కూడా అదే పరీక్షకు చదువుతోంది. బట్టలారేయడానికి వచ్చి ఒకరోజు నవ్వేసింది.

"ఏమండీ, చదువా, జపమా? ఏదీ, 'రిలక్టెంట్' అంటే ఏంటో చెప్పండి."

మహేందర్ కళ్లు మూసుకుని 'రేడియంట్' దగ్గర మొదలుపెట్టాడు. ర్యాపిడ్, రేర్, ర్యాష్... అలా వరుసంతా దిగితేగాని అందలేదు. "అన్‌విల్లింగ్!"

"చూశారా? అక్కడ అంత టైమెవరిస్తారండీ? సాయంత్రాలు కిందికి రండి. నాన్నగారు వాక్యాల్లో పెట్టి చెబుతారు. అలా చదివితే ఏ మాటకామాట పిలిస్తే పలుకుతుంది."

రెండు సాయంత్రాలు వెళ్లాడు. అవి ఉద్యమం ఊపందుకున్న రోజులు. ఒకనాడు ధర్నా, ఒకనాడు బంద్. గదిలో తోడుండే మధు ఊరుకోలేదు.

"ఏందిర నువ్వు? మన కొలువులు మనకేనని మేం రోడ్లమీద లాఠీలు తింటుంటే, ఆంధ్రోళ్లింట్ల పాఠాలు చెప్పించుకుంటున్నవా? జర సిగ్గుండాలె!"

సిగ్గే అనిపించింది. మూడోనాడు అమల కిందినుంచి పిలిస్తే "పనుందండీ" అన్నాడు. ఆ అమ్మాయి మళ్లీ పిలవలేదు. పంతంకొద్దీ పుస్తకం అట్టనుంచి అట్టదాకా నోటికి పట్టేశాడు. మధు పుస్తకం పట్టుకుని వరుసగా ఒప్పజెప్పించుకుని ఎంత వెతికినా తప్పు దొరకలేదు. "నీది తలకాయ కాదుర, మిషన్!" అన్నాడు.

పరీక్షలో వచ్చినవన్నీ తెలిసిన మాటలే. ఘోరమంతా అక్కడే ఉంది. ఒక్కో మాటకోసం ఆ అక్షరం మొదటికంటా పోయి, వరుసంతా నడిచి రావలసి వచ్చింది. కంగారులో మధ్యన తప్పిపోతే మళ్లీ మొదటికే. అతను ఇంకా అలా నడుస్తుండగానే గంట కొట్టారు. తనకు కొట్టినపిండి అయిన లెక్కల వైపు పేజీ కూడా తిప్పలేదు. పర్యవేక్షకుడు చేతిలోంచి కాగితం లాక్కున్నాడు.

గేటు బయటికి రాగానే తల్లి రాములమ్మ ఫోను.

"మంచిగ రాసినవా కొడకా?"

నోట వచ్చిన మాట అతనికే కొత్తగా వినిపించింది.

"లేదమ్మా. బంద్ చేసిండ్రు. పరీక్ష ఆగింది."

రాములమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "పోనియ్ బిడ్డా, మన మంచికే. ఇంకిన్ని దినాలు చదువుకుంటవు. మల్లెప్పుడు పెడ్తరంట?"

రోడ్డుమీద బస్సులు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. హారన్లు వినబడకుండా ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు మహేందర్.

"చెప్తరమ్మా" అన్నాడు.