గుమ్మడికాయ మాది కాదు

అక్టోబరు రెండో మంగళవారం ఉదయం పదిన్నరకు ఎమిల్ హ్రాడెక్ ఇళ్ల కేసులు చూసే కోర్టులో నిలబడి, తన ఇంట్లో ఎవరుంటున్నారో తనకు తెలియదని చెప్పాడు.

క్లీవ్‌లాండ్‌లోని ఆ ఇల్లు అతని మేనత్తది. ఆమె పోయాక అతనికి వచ్చింది. అతను బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరై, ఆ నగరం అవతల పార్మాలో ఉంటాడు. కప్పు కారుతోందని, మెట్లు విరిగాయని నగరపాలక సంస్థ కేసు పెట్టింది. ఏప్రిల్‌లో జడ్జి మూడు నెలల జైలు వేసి, దాన్ని అమలు చేయకుండా ఆపి, అతన్ని ఏడాది ప్రొబేషన్‌లో, అంటే కోర్టు నిఘాలో, ఉంచారు. ఆలోగా మరమ్మతులు పూర్తి కావాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరినీ ఉంచకూడదు. ఉంచితే జైలుకు వెళ్లాలి.

సెప్టెంబరు ఆఖర్లో ప్రొబేషన్ అధికారి డెసిరే పాగన్ తనిఖీకి వెళ్లింది. కిటికీలకు కర్టెన్లున్నాయి. వరండాలో కుర్చీ, దాని పక్కన హాలోవీన్ పండక్కి పెట్టే గుమ్మడికాయ. ఇంటి పక్క దారిలో కారు. మెట్లకు కొత్త చెక్కలు. ఫొటోలు తీసి, ఇల్లు అద్దెకిచ్చాడని రాసింది.

హ్రాడెక్ ఫొటోలు రెండుసార్లు చూశాడు.

"ఇల్లు మాదే. గుమ్మడికాయ మాది కాదు," అన్నాడు.

కారు ఎవరిదో తెలియదన్నాడు. మెట్ల పని తాను వచ్చే నెలకు పెట్టుకున్నానన్నాడు. మీకు తెలియకుండా మీ ఇంట్లో ఎవరో కాపురం పెట్టారా అని పాగన్ అడిగింది.

"నేనూ అదే అడుగుతున్నానమ్మా."

జడ్జి వారం వాయిదా వేశారు.

హ్రాడెక్ కోర్టు నుంచి నేరుగా అక్కడికి వెళ్లి, తాళంచెవి జేబులో ఉండగానే తలుపు కొట్టాడు. పక్కింటి వెర్నా టాలివర్ తన వరండాలోంచి చూసింది.

"ఏవయ్యా, నీ ఇంటి తలుపు నువ్వే కొట్టుకుంటున్నావేంటి?"

లోపల ఎవరూ లేరని చెప్పింది. కర్టెన్లు ఆమెవి; హ్రాడెక్ మేనత్త తన దగ్గర ఉంచిన తాళంచెవితో లోపలికెళ్లి కట్టింది. కారు ఆమె అక్క కొడుకుది. మెట్లు బాగుచేసిందీ అతనే. కుర్చీ, గుమ్మడికాయ ఎదురింటివాళ్లవి. ఆ వీధిలో ఏ ఇల్లు ఖాళీ అయినా ఇరుగుపొరుగు ఇలాగే చేస్తారు. ఖాళీ అని తెలిస్తే దొంగలు అమ్ముకోవడానికి నీళ్ల రాగి పైపులు కోసుకుపోతారు.

నాకొక మాట చెప్పొద్దా అని హ్రాడెక్ అడిగాడు.

"ఎక్కడని వెతకను నిన్ను? ఏడాదికోసారి ఊడిపడతావు."

తర్వాతి వారం వెర్నా కోర్టుకు వచ్చి ఇదంతా చెప్పింది. జడ్జి నమ్మారు. హ్రాడెక్‌కు జైలు తప్పింది. కానీ కర్టెన్లుంటే లోపల ఎవరైనా ఉన్నారో లేదో బయటినుంచి తెలియదని పాగన్ అంది. శుక్రవారంలోగా అన్నీ తీసేయాలని జడ్జి ఆదేశించారు.

"తీసేస్తే ఖాళీ అని ఊరందరికీ తెలిసిపోతుంది కదండీ," అంది వెర్నా.

"ఖాళీగా ఉంచమనే కదమ్మా ఉత్తర్వు," అన్నారు జడ్జి.

పర్మిట్ లేకుండా కట్టినందున మెట్లు కూడా పీకేయాలన్నారు. పర్మిట్ వచ్చాక మళ్లీ ఇవే చెక్కలు వేయొచ్చా అని హ్రాడెక్ అడిగాడు. వేయొచ్చన్నారు.

శుక్రవారం వెర్నా కర్టెన్లు విప్పింది. అతను నిచ్చెన పట్టుకున్నాడు. మనం చేస్తున్నది సరైనదేనా అని అడిగాడు. కోర్టునే అడగమంది.

ఆ తర్వాతి మంగళవారం హ్రాడెక్ వెళ్లేసరికి నేలమాళిగలో మోకాలి లోతు నీళ్లున్నాయి. రాగి పైపులు లేవు. అతనే పాగన్‌కు ఫోన్ చేశాడు. ఆమె వచ్చి గదులన్నీ చూసి, ఇంట్లో ఎవరూ ఉండటం లేదని రాసింది. చేయాల్సిన మరమ్మతుల్లో పైపులు చేర్చింది. గడువు మారలేదు.