సముద్రానికి ఉప్పు కలిపించిన మీటరు

నేను ఒక ఉప్పు మీటరుని. చదువుకున్నవాళ్ళు నాకింకేదో పొడుగు పేరు పెట్టారు గానీ, భీమిలి దగ్గర రొయ్యపిల్లల హేచరీలో అందరూ నన్ను అలాగే పిలిచేవారు. జానెడు నల్లటి గొట్టం, ఒక చివర ఏటవాలుగా గాజుపలక, రెండో చివర కన్ను ఆనించే రబ్బరు. పలక మీద చుక్క నీళ్ళు వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే, లోపల పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. అవి రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఆగితే ఆ నీళ్ళలో అంత ఉప్పు. మంచినీళ్ళకి సున్నా. సముద్రానికి ముప్పై మూడు. అదే నా చదువు, అంతకుమించి నాకేం రాదు. అయితే వచ్చినదాన్ని నేనెప్పుడూ తప్పు చెప్పలేదు. నా నడుం మీదున్న చిన్న స్క్రూని ఒక మనిషి తిప్పాడు. దానికి బాధ్యత నాది కాదని ముందే చెప్పేస్తున్నాను, వింటే వినండి, లేకపోతే లేదు.

నేను ఏ దేశంలో తయారయ్యానో తెలియదు. అట్టపెట్టె మీద అక్షరాలు ఇక్కడ ఎవరికీ చదవడం రాలేదు. మొదట నన్ను కొన్నది రొయ్యల చెరువులవాళ్ళకి సలహాలు చెప్పే ఒక పెద్దమనిషి. స్కూటరు మీద గట్లంట తిరిగేవాడు. రైతు పక్కనుంటే నాలోంచి అవసరానికి మించి ఎక్కువసేపు చూసేవాడు, మధ్యమధ్య "ఊఁ" అనేవాడు. గీత ఒక్క క్షణంలో తెలిసిపోతుంది, మిగతా సేపంతా ఆయన గౌరవం కోసం. ఆయన మానేశాక హేచరీకి వచ్చాను. అక్కడ నన్ను పట్టుకున్నవాడు మైలపల్లి నూకరాజు.

నూకరాజు ఏడో తరగతి దాకా చదివాడు. ఇరవై రెండేళ్ళు ఆ హేచరీలో తొట్ల దగ్గర పని చేశాడు. తెల్లారగానే ప్రతి తొట్టి నీళ్ళూ నాలో చూసి, పుస్తకంలో అంకె వేసి, కింద సంతకం పెట్టేవాడు. అతని వేళ్ళు నాకు బాగా తెలుసు. చూశాక మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేవాడు. ఒక్క స్క్రూ మాత్రం ముట్టుకునేవాడు కాదు. అక్కడి పద్ధతి అది. సోమవారం సోమవారం మేనేజరు వీరభద్రం గారు తన సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, నాలో మంచినీళ్ళు వేసి, గీతని సున్నా మీదికి తెచ్చేవాడు. "పనివాళ్ళు ఈ స్క్రూ మీద చెయ్యి వేస్తే ఆ రోజే గేటు బయట" అని మొదటి రోజే చెప్పాడు. సముద్రం ఒడ్డు దాటనట్టే నూకరాజు ఆ మాట దాటలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పాయకరావుపేట దగ్గర చెరువులున్న దంతులూరి నరసరాజు గారు రొయ్యపిల్ల కావాలన్నారు. ఆయన చెరువులో ఉప్పు పన్నెండు. హేచరీ తొట్టిలో ఇరవై. రోజుకింత మంచినీళ్ళు కలుపుతూ మెల్లగా పన్నెండుకి దించాలి, లేకపోతే పిల్ల తట్టుకోదు. ఇంకో నాలుగు రోజులు పడుతుంది. లారీ మాత్రం వచ్చేసింది. కాగితం మీద పన్నెండు అని రాసి సంతకం పెట్టాల్సింది నూకరాజు, అతనేమో ఉన్నదే రాస్తాడు తప్ప లేనిది రాయడు. అందుకని అబద్ధాన్ని అతని చేత రాయించకుండా నాలో పెట్టారు. భోజనాల వేళ వీరభద్రం గారు నా స్క్రూని గబగబా తిప్పాడు. నా గీత ఎనిమిది గళ్ళు కిందికి జారిపోయింది. నూకరాజు వచ్చి చూశాడు. పన్నెండు. రాశాడు. సంతకం పెట్టాడు.

పిల్లంతా చెరువులో పడ్డ మర్నాటికి చచ్చి తేలిపోయింది. నరసరాజు గారు ఫోన్లో కేకలేశారు. "మా వాడికి కళ్ళు సరిగ్గా ఆనవండీ, తప్పు చూశాడు" అన్నాడు వీరభద్రం గారు. ఆ సాయంత్రమే నూకరాజుని పంపేశాడు, నన్ను విరిగిన బకెట్లున్న డ్రమ్ములో పడేశాడు. నూకరాజు పోతూపోతూ డ్రమ్ములోకి చెయ్యి పెట్టి నన్ను తీసుకుని లుంగీలో దోపుకున్నాడు. ఇద్దరం కలిసి గేటు దాటాం.

ఇంటికెళ్ళాక అతను అరుగు మీద కూర్చుని ఒక కన్ను మూసి దూరంగా ఉన్న పడవల నంబర్లు చదువుకునేవాడు, తర్వాత రెండోది మూసి మళ్ళీ చదువుకునేవాడు. అన్నీ సరిగ్గానే కనబడేవి. అయినా నమ్మకం కుదరలేదు. అంత పిల్లని తన కళ్ళే చంపాయేమోనని లోపల పురుగు తొలుస్తూనే ఉంది.

అప్పుడు పట్టుకున్నాడు గాజుతొట్టి. మూరెడున్నర పొడుగు, అడుగున నాలుగు వేళ్ళ మందాన ఇసుక, పాచి పట్టిన సముద్రపు రాళ్ళు, రెండు నీలం చేపలు. అందులో గోస్తనీ ఏరు సముద్రంలో కలిసే మొగలో ఏరుకొచ్చిన తొమ్మిది గుల్లలు. అవును, మీరు కూర వండుకునే గుల్లలే, రెండు చిప్పల మధ్య మెత్తటి మాంసం ఉండేవి. ఇసుకలో దిగిపోయి, రెండు చిన్న గొట్టాలు పైకి పెట్టి, ఒకదాంతో నీళ్ళు తాగి రెండోదాంతో వదులుతాయి. ఇంట్లో గాజుతొట్టిలో గుల్లలు మూణ్ణెల్లు కూడా బతకవని రంగుచేపల కొట్టువాడు తేల్చి చెప్పాడు, ఆకలితో చస్తాయట. నూకరాజు నవ్వాడు. హేచరీలో పిల్లకి మేతగా పెంచే గోధుమరంగు పాచి ఉంటుంది, అది పెంచడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కిటికీలో ఎండ తగిలేలా సీసాలు వరసగా పెట్టి పెంచాడు. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, గుల్లల గొట్టాల దగ్గర మెల్లగా వదిలేవాడు. ఒక గంటలో నీళ్ళు తేటపడితే తిన్నట్టు లెక్క.

"కూరని ఇలా గోముగా పెంచీవోడిని నిన్నే సూత్తన్నాను మావా" అంది భార్య పోలమ్మ. ఆవిడ ఎండుచేపల పని చేస్తుంది. చేయి ఉప్పులో, నోరు అంతకన్నా ఉప్పులో.

"నవ్వే. ఇవి బతికితే నాను నీళ్ళు సూడగలనని అర్థం. నేదంటే ఆ మేనేజరు అన్నదే నిజం."

అదీ సంగతి. గుల్లల బతుకు మీద తన కళ్ళని పందెం కాశాడు. నేనేమో అతని చేతిలో ఎనిమిది గళ్ళు కిందికి జారి ఉన్నాను, చెప్పడానికి నోరు లేదు.

మొదట్లో ఆ తొట్టి నింపడానికి ఒడ్డు నుంచి బిందెలతో సముద్రం నీళ్ళు తెచ్చాడు. నాలో చూశాడు. ఇరవై ఐదు. "ఏటిది, ముప్పై మూడుండాల గదా" అనుకున్నాడు. మొన్న వానలు పడ్డాయి, ఏరు పొంగింది, సముద్రం పలచబడిపోయుంటుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కల్లుప్పు మూట విప్పి, నాలో చూస్తూ, కలుపుతూ, ముప్పై మూడు దాకా తెచ్చాడు. మీరే ఆలోచించండి. ఎదురుగా అంత పెద్ద సముద్రం తన ఉప్పు తను చూసుకుంటూ ఉంటే, ఒక మనిషి దానికి ఉప్పు చాలలేదని తీర్పు చెప్పి కలిపాడు. నా మాట మీద. నాకు సిగ్గేసింది, కానీ అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. గొట్టం పగిలేలా అరవాలనిపించింది.

మూడు వారాలు గడిచాయి. గుల్లలు గొట్టాలు పైకి పెట్టడం తగ్గించాయి. గ్లాసు పాచి పోస్తే సాయంత్రానికి కూడా నీళ్ళు తేటపడలేదు. ఒక గుల్ల ఇసుక మీదికి వచ్చి నోరు తెరుచుకుని పడింది, వేలితో తట్టినా మూసుకోలేదు. తీసేశాడు. రెండు రోజులకి ఇంకోటి. నూకరాజు ఇసుక మార్చాడు, పాచి మార్చాడు, సీసాలు ఇంకో కిటికీలోకి మార్చాడు. నన్ను మాత్రం మార్చలేదు. పూటకి మూడుసార్లు చూసేవాడు. ముప్పై మూడు. ఎప్పుడూ ముప్పై మూడే.

మూడోది కూడా నోరు వదులు చేసిన రోజు పొద్దున్న తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆడన్నదే నిజమే పోలమ్మా. నా సేతిలో నీళ్ళు సత్తన్నాయి."

పోలమ్మ చీపురు పక్కన పడేసి వచ్చింది. తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. మొహం చిట్లించి బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

"ఇది సంద్రం గాదు మావా. ఇందులో సేప ఏత్తే రెండ్రోజులకి ఎండుసేప అవుద్ది."

"నీకేటి తెలుసే. మీటరు ముప్పై మూడంటంది."

"పుట్టి బుద్దెరిగిన కాణ్నుంచి ఆ నీళ్ళు మింగతన్నాను. సంద్రం తప్పు సెప్తాదా, నీ గొట్టం తప్పు సెప్తాదా?"

"గొట్టం తప్పు సెప్పదు!"

"అయితే దాన్ని అడుగు. మన కుండలో మంచినీళ్ళు సుక్కెయ్. సున్నా అనాల గదా? అనిపించు సూద్దాం."

ఇరవై రెండేళ్ళలో అతనెప్పుడూ నాలో మంచినీళ్ళు వేసి చూడలేదు. కడగడానికి వేశాడు తప్ప చూడ్డానికి కాదు. చూడటం సోమవారం పని, మేనేజరు పని. చుక్క వేసి, గుమ్మంలోకి వెళ్ళి ఎండకి తిప్పి కన్ను ఆనించాడు.

లోపలంతా నీలమే. గీతే లేదు. సున్నాకి కూడా కిందికి, అంకెలు లేని చోటికి పోయింది.

తుడిచాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ చూశాడు. అలా నాలుగుసార్లు. తర్వాత అరుగు మీద కూలబడి అన్నాడు: "ఆ రోజు నాను పన్నెండే సూసేనే. అందులో పన్నెండే ఉన్నాది."

"ఎవుడు తిప్పేడు?"

"స్క్రూడైవరు ఒక్కడి సొరుగులోనే ఉంటాది."

పోలమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. నాకు మాత్రం చల్లగా ఉన్నాయి.

ముప్పై మూడుండాల్సిన సముద్రానికి నేను ఇరవై ఐదు చెప్పాను గనుక, ఆ రోజు నుంచి నన్ను అలాగే ఉంచి, నేను చెప్పిన అంకెకి ఎనిమిది కలుపుకుని నీళ్ళు చూశాడు. తొట్టిలో ఉన్నది నలభై ఒకటి! ఒక్కసారిగా మంచినీళ్ళు పోసెయ్యలేదు. పూటకో చెంబు ఉప్పునీళ్ళు తీసి, పూటకో చెంబు మంచినీళ్ళు పోస్తూ, వారం రోజుల్లో మెల్లగా దించాడు. లారీ వచ్చిందని తొందరపడేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. మూడో గుల్ల చచ్చిపోయింది. మిగతా ఆరూ తొమ్మిదో రోజున ఇసుకలోంచి గొట్టాలు పైకి పెట్టాయి. పాచి నీళ్ళు గంట తిరక్కుండా తేటపడ్డాయి. నూకరాజు తొట్టికి ముక్కు ఆనించి లెక్కపెడుతూ ఏడ్చాడు, ఆరింటిని ఎంతసేపు లెక్కపెడతారండీ ఎవరైనా.

మర్నాడు నన్ను తీసుకుని బస్సెక్కి నరసరాజు గారి చెరువు దగ్గరికి వెళ్ళాడు. రాజుగారు గట్టు మీద కుర్చీలో ఉన్నారు. చూడగానే మొహం తిప్పుకున్నారు.

"ఎందుకొచ్చావయ్యా?"

"ఒక్క సుక్క సూడండి రాజుగారూ. మంచినీళ్ళ సుక్క."

ఆయన విసుగ్గానే నాలోంచి చూశారు. కన్ను పక్కకి తీసి, రుద్దుకుని, మళ్ళీ చూశారు.

"గీతేది?"

"అదేనండి. ఆ రోజు కూడా గీత దాని సోట నేదు. నాను రాసింది అందులో ఉన్న అంకేనండి."

"నువ్వే తిప్పుకొచ్చి నాకు చూపిస్తున్నావేమో. నాకెలా తెలుస్తుంది?"

దానికి సాక్ష్యం లేదు. ఉన్నదల్లా నేనే, నన్ను ఎవరైనా ఎటైనా తిప్పొచ్చు.

"మీకు తెలవదండి. నాకు తెలుసు. ఆ మాట సెప్పడానికే వచ్చేను, నమ్మించడానికి గాదు."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారి నువ్వు సున్నా చూసుకోలేదా?"

"ముట్టుకోవద్దన్నారండి."

"ఇరవై ఏళ్ళూ?"

"ఇరవై రెండండి."

నూకరాజు జేబులోంచి కళ్ళజోళ్ళ కొట్లో అడిగి తెచ్చుకున్న చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. వస్తుంటే పోలమ్మ మరీ మరీ చెప్పింది, తిప్పొద్దు, అదే మన రుజువు అని. అయినా ఆ గట్టు మీద, రాజుగారి ఎదురుగా, బొటనవేలు బిగించి నా స్క్రూ తిప్పాడు. నీలం వెనక్కి జరిగింది. అడుగు నుంచి గీత పైకి లేచి, సున్నా మీద నిలబడింది. ఇక వంకర పోయింది, రుజువూ పోయింది. అతను నన్ను తుడిచి లుంగీలో దోపుకుని, దణ్ణం పెట్టి, గట్టు దిగిపోయాడు.

నాలుగు రోజులకి ఇంటికి ఫోనొచ్చింది. నూకరాజు తొట్టి అద్దం తుడుస్తున్నాడు, పోలమ్మ ఎత్తింది. వీరభద్రం గారి గొంతు కిటికీలో ఉన్న నాక్కూడా వినపడింది. రాజుగారు నానా మాటలూ అన్నారట, ఇక పిల్ల ఇక్కడ తీసుకోనన్నారట, అసలు ఆ మీటరు హేచరీ సొత్తట, చెప్పకుండా పట్టుకుపోవడం దొంగతనమట, వెంటనే తెచ్చి అప్పజెప్పాలట.

"డ్రమ్ములో పారీసిన్దానికి సొత్తేటి బాబూ?" అంది పోలమ్మ. "మా గుల్లలకి పూటపూటా నీళ్ళు సూడాల. ఇవ్వం."

అవతల గొంతు పెద్దదైంది. పోలీసులన్నాడు. తనే వస్తానన్నాడు.

పోలమ్మ ఫోను మీద చెయ్యి మూసి మొగుడివైపు చూసింది. "ఆడే వత్తాడట మావా."

నూకరాజు గుడ్డ పిండుకుంటూ వెనక్కి తిరగలేదు.

"రమ్మను. కుండలో మంచినీళ్ళున్నాయి. సుక్కేసి సేతికిద్దాం, సున్నా ఆడే సూసుకుంటాడు."