వెనక నుంచి కనిపించే మనిషి

రాళ్లకి పట్టిన మట్టి ఓ పట్టాన వదలడం లేదని పాత టూత్‌బ్రష్‌ తీసుకుని రుద్దుతోంది ఆమె. లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది.

"ఆదివారం పూట ఇంకా మనుషుల స్నానాలే కాలేదు, రాళ్లకి చేయిస్తున్నావా?"

అపార్ట్‌మెంట్‌ వాళ్లంతా కలిసి పెట్టుకున్న సరదా అది. ఇంటింటివాళ్లూ గులకరాళ్ల మీద బొమ్మలు వేసి పార్కులో దాచాలి. దొరికినవాళ్లు ఫొటో తీసి గ్రూపులో పెట్టి, ఆ రాయిని మళ్లీ అక్కడే వదిలేయాలి. 'కుటుంబమంతా ఒకచోట కూర్చునే అవకాశం' అని రాశారు సెక్రటరీగారు. కూర్చోవడం నిజమే. భర్తా పిల్లలిద్దరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆమె నిలబడింది. రాళ్లు కడిగి ఆరబెట్టడం, అడుగున తెల్లరంగు పూయడం, అడిగిన కుంచె అందించడం, మధ్యలో టీలు, బొమ్మలు ఆరాక పైన వార్నిష్‌... ఇవేవీ బొమ్మలు వేయడం కిందికి రావు.

"నువ్వూ ఒకటి వెయ్యవోయ్" అన్నాడు భర్త తలెత్తకుండా. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. ఆమె చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కునేలోపే, "ముందు ఆ నీళ్లు మార్చు, బురదైపోయాయి" అన్నాడు.

పెళ్లికి ముందు ఆమె చేతిలో ఎప్పుడూ పెన్సిల్‌ ఉండేది. కొత్తలో ఆయన ఆ బొమ్మలు స్నేహితులకి గొప్పగా చూపించేవాడు. పిల్లలు పుట్టాక, ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగానికి కుదిరాక, "ఖాళీ ఉన్నప్పుడు వేసుకో, ఎవరొద్దన్నారు?" అనడం మొదలుపెట్టాడు. నిజమే, ఎవరూ వద్దనలేదు. చిక్కంతా అక్కడే ఉంది. వద్దని ఉంటే ఎదురు తిరిగేదేమో. ఎవరూ వద్దనని పనిని ఆమె ఏళ్ల తరబడి చేయకుండా ఉండిపోయింది, తప్పెవరిదో తేలక.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, వంకరగా ఉందని పిల్లలు పక్కన పడేసిన రాయి కనిపించింది. ఏం వెయ్యాలో ఆలోచించలేదు. చెయ్యే వెతుక్కుంటూ పోయింది. సింకు ముందు నిలబడ్డ ఒక ఆడమనిషి, వెనక నుంచి. జారిపోతున్న జుట్టుముడి, కుడివైపు కాస్త ఒరిగిన భుజం, పక్కన గిన్నెల గుట్ట. మొహం లేదు. సాయంత్రం పిల్లలు తమ రాళ్లు దాచే సందడిలో, ఆమె తన రాయిని పార్కు బెంచీ కింద పెట్టి వచ్చేసింది.

రెండు రోజులు దాని ఊసు లేదు. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర భర్త ఫోన్‌ చూస్తూ పకాలున నవ్వాడు.

"కింది ఫ్లోర్‌ డాక్టరమ్మకి ఏదో రాయి దొరికిందట. 'ఇది అచ్చం నేనే' అని పెట్టింది. పైనున్న టీచరేమో, 'కాదు, ఆ భుజం నాది' అంటోంది. ఇంకెవరో ఏడుపు బొమ్మలు పెట్టారు. ఎవరు వేశారో పాపం, మొగుడు బాగా పీక్కుతింటున్నట్టున్నాడు!"

ఆమె అప్పుడు సింకు దగ్గరే ఉంది, వాళ్లకి వీపు పెట్టి. ఆయన ఫోన్‌ ఎత్తి పిల్లలకి చూపిస్తున్నాడు. చూసేవాళ్లకి ఫొటోకీ ఆమెకీ మధ్య జానెడు దూరం లేదు. చిన్నది ఫోన్‌ వంక చూసింది, అమ్మ వంక చూసింది.

"నాన్నా, అది అమ్మ."

ఆమె కుళాయి కట్టేసింది.

"నువ్వా?" అన్నాడు. గొంతులో నవ్వు పోయింది. "నీకేం తక్కువ చేశానని? నలుగురిలో నన్ను ఇట్లా నిలబెడతావా? పొద్దున్నే వెళ్లి ఆ రాయి తెచ్చెయ్. పిల్లలు సరదాకి వేశారని నేను గ్రూపులో రాసేస్తాను."

"ఏదీ, ఇటివ్వు" అంటూ అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌ అందుకుంది. ఇక అయిపోయిందనుకుంది ఆమె. కొడుకు పరువు గురించి ఆవిడకి మాటలు వెతుక్కోవాల్సిన పని లేదు. కానీ ఆవిడ ఫోన్‌ని దగ్గరికి తెచ్చుకుని, దూరంగా పెట్టుకుని, అరచేత్తో తెర తుడిచి మళ్లీ చూసింది.

"నన్నెప్పుడు చూశావే, ఇంత బాగా?" అంది మెల్లగా.

'మీరు కాదత్తయ్యా, నేను' అనబోయి ఆగిపోయింది ఆమె. ఆవిడ కుడిభుజం ఒరిగి ఉంది. ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో, గిన్నెలు తోముతున్న ఆవిడ వెనక తుడుపుగుడ్డ పట్టుకుని నిలబడిన రోజుల్లో కూడా అది అలాగే ఉండేది. ఇన్నాళ్లూ అది ఆవిడ ఒంటి తీరనుకుంది.

భర్త ఫోన్‌ కోసం చెయ్యి చాపాడు. ఆమె తడిచేతులతోనే అత్తగారి దగ్గర్నించి దాన్ని అందుకుంది. దాన్ని ఆయనకిచ్చి, తన ఫోన్‌ తీసి గ్రూపులో 'వేసింది నేను' అని రాసి పంపింది.

"ఆ రాయి తేను" అంది. "అక్కడే ఉంటుంది."