మేక కొరకని హైడ్రేంజియా

పోయిన చలికాలం మా హైడ్రేంజియా పొదకు నేను కత్తెర వేశాను. గులాబీలకు ఎలా వేస్తానో అలాగే, కొమ్మలన్నీ మోకాలెత్తుకు, ఏటవాలుగా, నున్నగా. గులాబీల సంగతిలో నాకు కాస్త పొగరు. నా గులాబీ ముల్లుకు గాలిపటం తగులుకుంటే ముగ్గురం కలిసి లాగినా రాలేదని, చివరికి పొదే పైకి లేవబోయిందని చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ తప్ప వీధంతా నమ్మింది.

ఆ హైడ్రేంజియా మా మరదలు ఇచ్చిన కొమ్మ. ఇచ్చిన మనిషి ఇప్పుడు లేదు. ఏటా మొదటి నీలం గుత్తి విచ్చిన రోజున మా ఆవిడ పొద పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతుంది. చెల్లెలితో కూర్చున్నట్టు.

ఆమె మోకాలి ఆపరేషనుకని ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనీ ఘనకార్యం చేశాను. ఇంటికొచ్చి, గేటులోనే ఆగిపోయింది.

"ఏమైంది దీనికి?"

నా నోరు నాకంటే ముందు పరుగెత్తింది.

"టైలరు గారి మేక! గోడ దూకింది. మేకా అది, గుర్రం! నేను కర్ర తెచ్చేలోపు మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది."

ఆమె నవ్వలేదు. "ఇది పాత కొమ్మల కొసల్లోనే పూస్తుందండీ. మొగ్గలు అప్పుడే లోపల కట్టుంటాయి. ఈ ఏటికి ఇంక పువ్వు లేదు."

ఆ సంగతి నేను వినడం అదే మొదలు.

మూడోరోజు, మా ఆవిడ నోట మేక సంగతి విని, పక్కింటి టైలరు ఎరువు బస్తా మోసుకొచ్చాడు.

"వదినగారూ, క్షమించండి. మేకను మా బావమరిది ఇంట్లో వదిలేసి వచ్చాను. సీసాతో పాలు పట్టి పెంచింది కదా, మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది."

బస్తా దించి, పొద దగ్గర వంగాడు. తెగిన కొమ్మ మీద బొటనవేలు పెట్టి, గుడ్డ అంచు చూసినట్టు నిమిరాడు. ఇంకో కొమ్మ. ఇంకోటి. తర్వాత నా వైపు చూశాడు.

"అన్నయ్యగారూ, మా కొట్లో కత్తెర మొద్దుబారింది. మీది మంచి పదునున్నట్టుందే?"

నా జన్మలో మొదటిసారి నాకు కథ దొరకలేదు.

"మేక కాదు. నేనే," అన్నాను.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "తెలీక నరికారు, సరే. ఆ మూగజీవాన్నెందుకు ఇరికించారు?"

"నీకు చెప్పడానికి భయమేసింది."

"ముందు దాన్ని తీసుకురండి. నడిచి."

ఎండలో రెండు గంటలు నడిచాను. మేకను నేను తెచ్చానో, అదే నన్ను ఈడ్చుకొచ్చిందో తేల్చి చెప్పలేను. టైలరు భార్య దాన్ని కావలించుకుంది కానీ నావైపు తలెత్తలేదు.

పూల కాలం వచ్చింది. పొద నిండా ఆకులే. మా ఆవిడ అదే చోట కుర్చీ వేసుకుంది. నేను టీ తెచ్చి ఇచ్చి, నా గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"ఆకులు బాగున్నాయి," అంది.

తిట్టినా బాగుండేది.