దిగని కొమ్ము

నేను ఒక కారు రేడియో ఏరియల్‌ని. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు విరిగిన గొడుగు కమ్మీ అనుకుంటారు. వాళ్ళను తప్పు పట్టను. ఒకప్పుడు తెల్లటి కారు ముందు మడ్‌గార్డులో, ఒకదానిలో ఒకటి దూరిన వెండిరంగు గొట్టాలుగా పడుకుని ఉండేదాన్ని. కారులో రేడియో పెడితే చాలు, అడుగున చీకట్లో ఉన్న మోటారు గిర్రుమని తిరిగి నన్ను పైకి తోసేది. రేడియో కట్టేస్తే లోపలికి లాక్కునేది. మా ఇద్దరినీ కలిపి ఉంచింది పళ్ళున్న ఒక సన్నటి నైలాను తాడు. మనుషులు తమ బంధాల గట్టిదనం గురించి మాట్లాడుకున్నప్పుడల్లా నాకు ఆ తాడే గుర్తొస్తుంది.

పుట్టింది జపానులో. తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను ఒకసారి పైకి లేపి, కిందికి దించి, బాగానే ఉన్నానని తేల్చుకుని అట్టపెట్టెలో పెట్టి మూత వేసింది. నా మొదటి వీడ్కోలు అదే. ఆమె తలెత్తి చూడను కూడా లేదు.

నన్ను కొన్నది పోలారావు. విశాఖపట్నం మనిషి, సరుకుల ఓడలో ఎలక్ట్రీషియన్. రేవు పక్కన దుకాణంలో నన్ను చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. లుంగీలో చుట్టి, ట్రంకుపెట్టె అడుగున పెట్టి, రెండు సముద్రాలు దాటించి తెచ్చాడు. ఇంటికొచ్చిన మర్నాడే డ్రిల్లు పట్టుకుని కారుకు కన్నం వేయబోతే, భార్య నూకరత్నం గుండెలు బాదుకుంది.

“బంగారం లాటి కారుకి బొక్కెట్టేస్తన్నారేటి!”

“బొక్క కాదే, కొమ్ము మొలుస్తాది సూడు,” అన్నాడతను.

అప్పటినుంచీ ఆ ఇంట్లో నా పేరు కొమ్ము.

ఓడ మనుషుల ఇళ్ళల్లో రాకల కంటే పోకలే ఎక్కువ గుర్తుంటాయి. పోలారావు బయల్దేరిన రోజు నూకరత్నం ఇల్లు ఊడ్చేది కాదు. ప్రయాణమై వెళ్ళినవాళ్ళు పొలిమేర దాటకముందే చీపురు పడితే వాళ్ళ అడుగుల్ని ఊడ్చేసినట్టేనని తల్లి చెప్పిన మాట. కానీ సముద్రానికి పొలిమేర ఎక్కడుంది? అందుకని ఆమె తనే ఒక పద్ధతి పెట్టుకుంది. కారు నడుపుకుంటూ బీచి రోడ్డుకు వచ్చి, రేడియో పెట్టి నన్ను నిలువునా లేపేది. పాత ఎర్రచీర అంచు చించిన పీలిక నా కొసకు కట్టేది. ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి బయటికొచ్చేటప్పుడు అతను ఎవరిదో బైనాక్యులర్సు అడిగి తీసుకుని ఆ ఎర్రపీలిక కోసం వెతికేవాడట. ఓడ నీటి అంచున మునిగిపోయేదాకా ఆమె రేడియో కట్టేసేది కాదు. కనుచూపులో ఉన్న మనిషికి కొమ్ము దించకూడదు. ఆ తరవాత నన్ను దించి, ఇంటికెళ్ళి చీపురు పట్టేది.

ఆ పీలికల్ని ఆమె విప్పేది కాదు. పాతదాని మీద కొత్తది కట్టేది. ఉప్పుగాలికి అవి చివికి పోగులయ్యేవి. నేను లోపలికి దిగిన ప్రతిసారీ కొన్ని పోగులు నాతోపాటే దిగి, పళ్ళతాడుకు చుట్టుకునేవి. నాకు తెలుస్తూనే ఉండేది. కానీ చెప్పడానికి నోరేది? లోకంలోని మాటలన్నీ నా ఒంటి మీదుగానే పోతాయి. నాదంటూ ఒక్క మాట లేదు.

చివరిసారి మబ్బు పట్టిన రోజు. ఓడ చుక్కై, మరకై, మాయమైంది. ఆమె రేడియో కట్టేసింది. మోటారు గిర్రుమంది. నా అడుగున ఏదో ‘టప్’ మని తెగింది. నేను కదల్లేదు. ఆమె మళ్ళీ పెట్టింది, మళ్ళీ కట్టేసింది. నేను అలాగే నిలబడి ఉన్నాను. ఆమె సముద్రం వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ చల్లగా తగులుతుంది.

వారం తిరక్కుండా కబురొచ్చింది. తుఫానులో డెక్కు మీదనుంచి జారిపోయాడు, మనిషి దొరకలేదు.

నూకరత్నం ఏడవలేదు. “కొమ్ము దిగనేదు కదా,” అంది. అంతే.

నా మీద ఎవరి చేయీ పడనిచ్చేది కాదు. దూరంగా సముద్రం కనిపించే వాకిట్లో కారు నిలిపి, మీద టార్పాలిన్ కప్పి, నాకోసం దానికి కన్నం పెట్టింది. ఏళ్ళ తరబడి నేను ఆ కన్నంలోంచి ఆకాశంలోకి వేలు చూపిస్తూ నిలబడ్డాను. రాత్రిళ్ళు సముద్రపుగాలి నన్ను ఊదేది. ఆ ఈల నాదేనని తెలిసినా నాకే భయమేసేది. ఆమె అప్పుడప్పుడూ లోపల కూర్చుని, పక్కింటివాళ్ళు ఛార్జి చేయించి పెట్టిన బ్యాటరీతో రేడియో పెట్టేది. కింద మోటారు గిర్రుమని తిరిగి, టిక్ టిక్ మని ఆగేది. ఆమె తల వంచి వినేది. “ఆఁ, ఉన్నాను,” అని, అతను పిలిచినట్టే బదులిచ్చేది. కారులో అతని చెప్పుల ఇసుక అలాగే ఉంది. చీపురు తగలనివ్వలేదు.

పోలారావు చెల్లెలు అప్పాయమ్మకు ఇది కంటిలో నలుసైంది. శరీరం దొరక్కపోతే దర్భబొమ్మను చేసైనా కర్మ జరిపించాలని పెద్దలందరూ చెబుతూనే ఉన్నారు. నూకరత్నం ఒప్పుకుంటే కదా!

“మా అన్నని ఇటు సావనీవు, అటు బతకనీవు. నడిమజ్జన ఏలాడగడతావేటొదినా?”

“కొమ్ము దిగిన్నాడు సేద్దాం, అప్పాయమ్మా.”

“మాట మీదుంటావా?”

“ఉంటాను.”

అప్పాయమ్మ ఊరుకునే మనిషి కాదు. మర్నాడే కరీముల్లా అనే కార్ల కరెంటు మేస్త్రీని వెంటపెట్టుకుని వచ్చింది. నూకరత్నం గుమ్మంలోనే నిలబడిపోయింది. మాట ఇచ్చేసింది మరి.

“ఫ్యూజు పోయుంటాదమ్మా,” అన్నాడు కరీముల్లా చూడకుండానే. చూస్తే ఫ్యూజు బాగానే ఉంది. రేడియో నుంచి వచ్చే వైరు తెగి ఉంటుందన్నాడు. వైరుకు చిన్న బల్బు తగిలించి చూస్తే అది వెలిగింది. తుప్పు అన్నాడు. కిరసనాయిలు పోశాడు.

“నీకు తెలిసింది సెప్తన్నావా, తోసింది సెప్తన్నావా?” అంది అప్పాయమ్మ.

“మీరు కాస్త ఎండకి అడ్డు జరిగితే తెలిసింది సెప్తానమ్మా.”

చివరికి రేడియో పెట్టమని, మడ్‌గార్డుకు చెవి ఆనించాడు. గిర్రు, టిక్ టిక్. గుమ్మంలో నూకరత్నం పెదవులు కదిలాయి. అతను లోపలి రేకు విప్పి, మోటారు డబ్బా తెరిచి, రెండు వేళ్ళతో ఒక ముద్దను బయటికి లాగాడు. ఎర్రటి పోగులు. ఏళ్ళ పోగులు, గ్రీజులో నాని నల్లబడినవి. వాటి మధ్యలో తెగిన తాడు ముక్క.

“ఇదిగోనమ్మా. ఈ దారాలు సుట్టుకుని తాడు పళ్ళు అరగదీసి తెగ్గొట్టేసేయి. పైన తుప్పు బిగదీసింది. దెయ్యమూ లేదు, భూతమూ లేదు.”

నూకరత్నం దగ్గరికొచ్చి ఆ ముద్దను అరచేతిలోకి తీసుకుంది. తన చీర అంచును పోల్చుకుంది. ఇన్నాళ్ళూ ఆయన నిలిపి ఉంచాడనుకున్నది, తను కట్టిందే.

“మరి ఆ సప్పుడు?” అంది.

“మోటారు తిరుగుతాందమ్మా, ఊరికే. పట్టుకోడానికేటీ నేదు, అందుకే అలా తిరుగుతాంది.”

వదిన ముఖంలో ఏం చూసిందో, అప్పాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నేళ్ళూ దెబ్బలాడిన మనిషి మొదటిసారి అన్నకోసం ఏడ్చింది.

కరీముల్లా నా మొదలు దగ్గర నూనె పోసి, నన్ను దించడానికి చేయెత్తాడు.

“ఉండు బాబూ,” అంది నూకరత్నం. “నాను దింపుతాను.”

ఆమె అరచేయి నా కొసమీద ఆనింది. మోటారు తోపు నాకు తెలుసు. మనిషి చేయి ఇంత మెల్లగా తోస్తుందని తెలియదు. ఒక గొట్టం దిగింది. ఆగి సముద్రం వైపు చూసింది. అక్కడ ఏ ఓడా లేదు. రెండోది దిగింది. నా ఒళ్ళు కీచుమంది. ఆమె కళ్ళు మూసుకుని చివరిది కూడా తోసేసింది. ఆకాశం గుండ్రంగా ముడుచుకుని, నా నెత్తిమీద నాణెమంత వెలుగై మిగిలింది.

“అప్పాయమ్మా, పంతుల్ని పిలిపించు,” అంది. ఆ తరవాత, “సీపురట్రా,” అంది.

కారు తలుపులు నాలుగూ తీసి ఆమె ఊడ్చింది. ఆ ఇసుక గరగరలాడుతూ బయటికి రాలింది. సీటు కిందిది కూడా వదల్లేదు.

నాలాంటిది ఇప్పుడు దొరకదంటూ కరీముల్లా నన్ను ఊడదీసి, కన్నానికి రబ్బరు బిరడా కొట్టాడు. “పాతది ఇంట్లో ఉంచుకుంటారా అమ్మా?” అనడిగాడు.

“ఒద్దు బాబూ, అట్టుకుపో. కళ్ళెదురుగా ఉంటే మళ్ళీ నిలబెట్టీగలను.”

ఇప్పుడు కరీముల్లా కొట్టు గుమ్మం దగ్గర, అరిగిన వైపర్లతో పాటు ఒక నూనెడబ్బాలో ఉన్నాను. నా మోటారు ఆ కారులోనే ఉండిపోయింది. దాని వైరు కత్తిరించేశారు. చప్పుడుండదు. పక్క టీకొట్టులో రేడియో మోగినప్పుడు మాత్రం, కింద ఎవరో గిర్రుమని తిరిగి నన్ను తోస్తారేమోనని అనిపిస్తుంది. తోసేవాళ్ళు లేరని తెలుసు. తెలిసినా ఒళ్ళంతా బిగబట్టుకుని కాసేపు ఎదురుచూస్తాను.

ఇలా ఎదురుచూసే మనుషుల్ని చూసి ఒకప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వను.